పేరు మారిన కుక్కపిల్లలు

రాయపూరునుండి బిలాసపూరు పోవు రాజమార్గముమీది ధర్సీవాలో, ఇంట తెలుగును, వీధిలో ఛత్తీస్‌గఢీని, బడిలో హిందీని ఇంగ్లీషును ఏకకాలమున నేర్చుచు పెరుగుచున్న మా మనుమడు, నిరుటి వేసవిలో ఒక ఆస్టరిక్స్ పుస్తకమును నాయొద్దకు తెచ్చి, అందలి చిన్ని తెల్లకుక్కను చూపి, "తాతా, దీనికి డాగ్‌మాటిక్స్ అని పేరెందుకు పెట్టారు?" అని అడిగెను. సమాధానము వెదకబోగా, ఐరోపా బాలల బొమ్మకథలు ఇంగ్లీషు పుస్తకములై మనదాక వచ్చిన వైనమంతయు ఆ యొక్క పేరులోనే ఇమిడియున్నట్లు నాకు తోచినది.

రెనె గొసినీ రచనయు, ఆల్బేర్ ఉదెర్జో చిత్రములును కూడి 1959 అక్టోబరు 29వ తేదీన 'పిలోట్' అను ఫ్రెంచి పత్రికలో పుట్టిన ఆ కథలలో ఈ కుక్కపేరు ఇదెఫిక్స్. మనస్సున నాటుకొని ఎంతకును వదలని తలంపునకు ఫ్రెంచివారు వాడు మాట అది. 1969 మొదలుకొని ఈ కథలను ఇంగ్లీషు చేసిన ఆంథియా బెల్, డెరెక్ హాక్‌రిడ్జ్ అనువారలు, పట్టినపట్టు విడువని స్వభావమును తెలుపు 'డాగ్‌మాటిక్' అను మాటను తీసికొనిరి. దాని మొదటనే 'డాగ్' అని కుక్క కూర్చుండియున్నది! మూలమున లేని శ్లేష అనువాదమున పుట్టినది. రామాయణ భారతములను ఒకే పద్యములలో నడిపిన పింగళి సూరన రాఘవపాండవీయమును మెచ్చిన మనకు ఈ నేర్పు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే అంతకుముందే, 1963లో, 'వాలియంట్' అను బ్రిటిషు బాలల పత్రిక ఈ కథనే ప్రకటించుచు, కథ జరుగు గాల్ దేశపు గ్రామమును బ్రిటనునకు తరలించి, వీరులకు లిటిల్ ఫ్రెడ్ అనియు బిగ్ ఎడ్ అనియు పేర్లుపెట్టి, తమ దేశపు కథయే యనిపించినది. ఇది నాకు సమ్మతము కాదు. పరాయి ఊరు పరాయి ఊరుగనే కనబడవలెను. అందలి హాస్యము మాత్రము చదువరి భాషలో పలుకవలెను.

ఈ హాస్యమెంత సున్నితమో 'బ్రిటనులో ఆస్టరిక్స్' చదివినవారికి తెలియును. ఫ్రెంచిలో విశేషణము సాధారణముగ నామమునకు వెనుక వచ్చును. గొసినీ తన బ్రిటనువారిచేత దానిని ఇంగ్లీషు ఫక్కిని ముందుంచి ఫ్రెంచి పలికించి నవ్వించెను. మా ధర్సీవా పిల్లలు, హిందీ పలుకుబడి మనసులో మెదలుచుండగా, "అమ్మా, నాకు ఆకలి తగిలింది" అన్నపుడు తెలుగుదేశమునుండి వచ్చిన చుట్టములు నవ్వు నవ్వే అది. ఆ వరుస ఇంగ్లీషున సహజమే గనుక అక్కడ నవ్వు పుట్టదు. కావున అనువాదకులు ఆ పాత్రల నోట పాతకాలపు ఇంగ్లీషు దొరల మర్యాదమాటలను పెట్టి, పోయిన నవ్వును మరియొక త్రోవను తెచ్చిరి.

మాటల సంగతి ఇట్లుండగా, అవి కూర్చుండు చోటు వేరొక చిక్కు. చిత్రకారుడు మాటల బుడగను మూలభాషకు తగినట్లు గీసియుంచును. 1929 జనవరి 10న బ్రస్సెల్సులో ఎర్జే సృష్టించిన టిన్‌టిన్ అను కథానాయకుని వెంటనుండు మిలూ అను కుక్కను, 1958 నుండి మెథూయెన్ ప్రచురణకర్తలకొరకు ఇంగ్లీషు చేసిన లెస్లీ లాన్స్‌డేల్-కూపర్, మైకేల్ టర్నర్ గారలు స్నోయీగ మార్చుటకు, అది తెల్లని కుక్క యగుట యొక కారణము కాగా, రోమను లిపిలో రెండు పేర్లకును అక్షరములు ఐదే యగుట మరియొక కారణము. హిందీలో ఆ కుక్కయే నట్‌ఖట్, వంగభాషలో కుట్టుష్.

బొమ్మనే మార్చిన సందర్భములును గలవు. 'నల్లదీవి' అను టిన్‌టిన్ కథలోని బ్రిటనులో 131 పొరపాట్లున్నవని మెథూయెన్ వారు పట్టిక వ్రాసి పంపగా, ఎర్జే తన సహాయకుడు బాబ్ ద మూర్‌ను 1961లో ఆ దేశమునకు పంపి, రైళ్లు, దుస్తులు మొదలైనవెల్ల చూచి రప్పించి, పుస్తకమును తిరిగి గీయించి 1966లో వెలువరించెను. పేయో గీసిన స్మర్ఫుల కథ యొకదానిలో, ఈగ కుట్టగనే నీలిమరుగుజ్జులు నల్లనివై ఒకరినొకరు కరచుచుందురు. అమెరికాలో పేపర్‌కట్జ్ వారు 2010లో వారిని ఊదారంగు చేసి ముద్రించిరి. నల్లరంగును దుష్టతకు గుర్తుచేయుట ఎవరి బిడ్డ మనసునైనను నొప్పించును గనుక, ఇట్టి మార్పును నేను తప్పుపట్టను.

మనుమని ప్రశ్న యింకను మిగిలియే యున్నది: ఇది తెలుగైన ఎట్లుండును? పుటపై పలుచని కాగితము పరచి, ఇరువురము వ్రాసి చూచితిమి. ఇంగ్లీషువారి పెద్ద అక్షరములకు తోకలులేవు, కావున వరుసలను దగ్గరగ పేర్చవచ్చును. మన గుడులు పైకెక్కును, వత్తులు క్రిందికి దిగును. వారికి మూడు వరుసలు పట్టినచోట మాకు రెండవ వరుసకే పైవరుస వత్తులును క్రిందివరుస గుడులును పెనగులాడినవి. వాడు చాలసేపు ఆలోచించి, కుక్కకు 'మొండిక్స్' అని పేరుపెట్టెను. నాకు మిక్కిలి నచ్చినది. చివరి వత్తు మాత్రము బుడగ గీతను తాకుచుండగా, "బుడగ కొంచెం పెద్దది గీయనా తాతా?" అనెను.

బొమ్మ ఉదెర్జోది, అక్షరములనే చిన్నవి చేయుమంటిని.