ఎదుగుచున్న పంటికి దెబ్బ తగిలినచో

వరంగల్లు, హనుమకొండ పాఠశాలల ఆటస్థలములలో కబడ్డీ ఆడుచు బోర్లపడిన పిల్లలకు తరచు దెబ్బ తగులునది పైవరుస ముందుపండ్లకే. ఈ పండ్లు ఏడెనిమిదేండ్లకు మొలచును గాని, వాటి వేరు అప్పటికింకను పూర్తికాదు. దాని కొన బూర మూతివలె విచ్చుకొని, గోడలు పలుచగా ఉండును. వేరు పొడవెక్కి, గోడలు దళసరియై, కొన మూసికొనుటకు మరి రెండు మూడేండ్లు పట్టును. ఈ పనియంతయు పంటిలోని మెత్తని మజ్జవలన జరుగవలసినదే.

దెబ్బకు మజ్జ చచ్చినచో వేరు పెరుగుదల ఆగిపోవును. పెద్దవారి పంటికైనచో వేరునాళమును శుభ్రపరచి పూడ్చవచ్చును. కాని అడుగులేని పాత్రను నింపుట యెట్లు? 1960 దశకమునుండి వైద్యులు కాల్షియం హైడ్రాక్సైడు ముద్దను నాళములో నెలల తరబడి ఉంచి, కొనవద్ద గట్టి పొర ఏర్పరచుచు వచ్చిరి. మనము తమలపాకునకు రాచుకొను సున్నము ముఖ్యముగా ఈ పదార్థమే. (అట్లని ఇంటి సున్నమును పంటికి పెట్టరాదు!) పొర ఏర్పడెను, చీము ఆగెను, చికిత్స ఫలించినదనియే తోచెను.

అయితే స్వీడనులో మియోమిర్ త్స్వెక్ అట్టి పండ్లను ఏండ్ల తరబడి గమనించి 1992లో ఫలితములను ప్రకటించెను. వేరు అన్నిటికంటె తక్కువ పెరిగిన పండ్లలో నూటికి 77, కొంత ఎక్కువ పెరిగినవానిలో నూటికి 28 మెడవద్ద విరిగినవి. వ్యాధి నయమైనను పన్ను నిలువలేదు! తరువాత 1990 దశకమున అమెరికాలో పుట్టిన ఎం.టి.ఎ. అను సిమెంటుతో కొనను ఒకటి రెండు పర్యాయములలోనే మూయవచ్చును; పలుచని గోడ మాత్రము పలుచనే. 2001 తరువాత, నాళములోనికి రక్తము రప్పించి కొత్త కణజాలమును పెంచు పద్ధతి వచ్చినది. అందు కొన్ని పండ్లకు గోడ దళసరి యగుచున్నది, కొన్నిటికి కాదు.

కావున మజ్జను బ్రతికించుటయే మేలు. పన్ను విరిగి మజ్జ బయటపడినచో, గాయపడిన పైభాగమును సుమారు రెండు మిల్లీమీటర్లు తీసి మందుతో కప్పుదురు. 1978లో త్స్వెక్ ఇట్లు చికిత్స చేసిన 60 పండ్లలో నూటికి 96 మానినవి. ఆ పంటి వేరు తనంత తానే పెరుగును.

పన్ను ఊడి చేతికి వచ్చినచో హైదరాబాదు ప్రయాణమునకై వేచియుండరాదు. అది శాశ్వతదంతమైనచో, వేరును ముట్టక తలభాగము పట్టుకొని, నీటితో తేలికగా కడిగి, వెంటనే గుంటలో అమర్చవలెను. వీలుకానిచో పాలలో వేసి, గంటలోపల దగ్గరి దంతవైద్యునికి చూపవలెను. పాలపన్నును మాత్రము తిరిగి పెట్టరాదు.

నొప్పి తగ్గగానే ఆసుపత్రికి పోవుట మానరాదు. కొన్నేండ్లపాటు ఎక్స్‌-రే తీసి ప్రక్కపంటితో పోల్చుదురు. ప్రక్కపంటి వేరు పొడవగుచు ఇది అట్లే యున్నచో, మజ్జ చచ్చెనేమోయని వైద్యులు పరీక్షింతురు.