తుప్పు వదిలిస్తే ఉపాధి!

మీ ఊళ్లో పాకలో మూలనపడ్డ పాత జీపు ఉందా? ఫ్లోరు మీద గట్టిగా తట్టి చూడండి. రేకు పొడిపొడిగా రాలితే తుక్కు అనుకోకండి, అది మీకు పని!

మహీంద్రా 1947లో మన దేశంలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ వరస జీపులకు చాసిస్, బాడీ వేర్వేరు. అందుకే రేకు పోయినా బండి బతుకుతుంది.

అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలి, కోనసీమ చెమ్మ రేకును లోపలి నుంచే తింటాయి. పైన పుట్టీ మెత్తితే మళ్లీ బుడగలే. గట్టి రేకు తగిలేదాకా కోయాల్సిందే. అట్టతో నమూనా తీసి, 18 గేజి రేకు కత్తిరించి, దూరం దూరంగా టాకాలు వేయాలి. ఒకేచోట కాలిస్తే రేకు వంకర్లు పోతుంది. ఆపైన ప్రైమర్, సీలర్. నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు.

జాగ్రత్త! ముందు బ్యాటరీ వైరు తీయండి, పెట్రోలు ట్యాంకు దించండి. చాసిస్ నంబరు జోలికి వెళ్లొద్దు. అది చెరిగితే రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడుతుంది.

ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది, మోటార్ మెకానిక్ రెండేళ్లు. సెలవుల్లో డెంటింగ్ షెడ్డుకు వెళ్లండి. మొదట్లో గ్రైండరే చేతికిస్తారు, చిన్నబుచ్చుకోకండి. ఎక్కడిదాకా కోయాలో తెలిసినవాడే మేస్త్రి!