గడ్డి దాచిన వాన

జూలై నెలలో, నీలగిరి కొండల్లోని ముకుర్తి శిఖరపు పడమటి అంచు దగ్గర భూమి ఒక్కసారిగా ఆగిపోతుంది. 2,554 మీటర్ల ఎత్తున ఉన్న నల్లటి, తడిసిన, నాచు పట్టిన రాతి కింద కేరళ అడవుల వైపు నిట్టనిలువు లోయ. ఆ లోతుల్లోంచి అరేబియా సముద్రపు తేమ మోసుకొచ్చిన మబ్బు, ముందు పలుచటి పాలపొరగా, తర్వాత బరువైన బూడిదరంగు గోడగా, చప్పుడు లేకుండా పైకి లేస్తుంది. అంచు దాటగానే విరిగి, నీలగిరి పచ్చికల మీద నెమ్మదిగా పరుచుకుంటుంది. ఒక కొండ మాయమవుతుంది. మరో కొండ మెడదాకా మునుగుతుంది. క్షణంపాటు ఎక్కడో తెర చిరిగి, వాలు మీద నిలబడ్డ నీలగిరి తార్ మేక ఒకటి, వంపు తిరిగిన కొమ్ములతో, ఒంటినిండా నీటిబిందువులతో, గోధుమరంగు శిల్పమై కనిపించి మళ్లీ తెల్లదనంలో కరిగిపోతుంది.

ఊటీకి వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామంది చూసేది సరస్సు, బొటానికల్ గార్డెన్, టీ తోటలు. అసలు నీలగిరి వాటి వెనక, పశ్చిమాన ఉంది. అక్కడ కొండలన్నీ గడ్డి. లేతాకుపచ్చ, పసుపు, తుప్పురంగు, ఊదా కలగలిసిన గుండ్రటి వాలులు ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తుంటాయి. వాటి మడతల్లో, నీటిపాయలు పుట్టే చోట మాత్రమే, ముదురాకుపచ్చ అడవి ముద్దగా ఒదిగి ఉంటుంది. దాని పేరు షోలా. గడ్డికీ షోలాకీ మధ్య సరిహద్దు ఎవరో గీత గీసినంత స్పష్టం. ఈ అడుగు ఎండలో, గాలిలో. తరవాతి అడుగు చీకట్లో, చెమ్మలో.

షోలాలోకి వంగి దూరాలి. చెట్లు పొట్టివి, మెలికలు తిరిగినవి, గాలి దెబ్బలకు పైకొమ్మలన్నీ ఒకే ఎత్తున సర్దుకున్నవి. మొదట పరాయిగా అనిపించే ఈ చెట్లలో ఎన్ని మనకు చుట్టాలో! ఇది నేరేడు కుటుంబం, అది సంపంగి కుటుంబం, ఆ పక్కది దాల్చిన జాతి, దాని వెనక రుద్రాక్షకు దాయాది. చిగుళ్లు ఆకుపచ్చగా పుట్టవు. రాగిరంగులో, కెంపురంగులో, కొన్ని ద్రాక్షసారా ఎరుపులో మెరుస్తాయి. కాండాల నిండా నాచు, నాచు నిండా వేలెడంత ఆర్కిడ్లు, కొమ్మల నుంచి వేలాడే బూడిదరంగు లైకెన్ కుచ్చులు. వాన కురవని వేళ కూడా లోపల చినుకు పడుతూనే ఉంటుంది. దాటిపోతున్న మబ్బును ఆకు ఒడిసిపట్టి, బొట్టుగా కూర్చి, కొన మీంచి జారవిడుస్తుంది. అడవి అంచున రోడోడెండ్రాన్లు మాత్రం బయట గాలికి జంకక, గరుకు కాండాలతో గడ్డి మధ్యన ఒంటరిగా నిలబడి, ఏడాది మొదట్లో నెత్తురెరుపు గుత్తులతో మండిపోతాయి.

రాత్రుళ్లు ఈ తడికి గొంతు వస్తుంది. పొదల్లో, గడ్డిదుబ్బుల్లో, బొటనవేలి కొసంత కప్పలు సన్నటి లోహపు చప్పుడుతో పిలుచుకుంటాయి. వీటికి చెరువు అక్కర్లేదు. తోకకప్ప బతుకంతా గుడ్డులోపలే గడిచిపోయి, బుల్లి కప్పే సరాసరి బయటికి వస్తుంది. గాలిలోని తేమే వాటి చెరువు.

చలికాలం వేరే కథ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో లోయ అడుగుల్లో చల్లగాలి పేరుకుని ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుంది. తెల్లవారేసరికి గడ్డి ప్రతి పోచకూ స్ఫటికపు అంచు. సూర్యుడు తాకగానే కొండంతా గులాబీ, బంగారం, వెండి. ఆ అందమే షోలా లేతమొక్కకు మృత్యువు. పెద్దచెట్ల గొడుగు వదిలి బయటికొచ్చిన మొలకను మంచు మాడ్చేస్తుంది. అడవి మడతల్లోనే ఒదిగి ఉండడానికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఇదొకటి.

నేల మీద నడుస్తుంటే, కొన్నిచోట్ల నానిన పరుపు మీద పెట్టినట్టు కాలు దిగిపోతుంది. గడ్డి చచ్చి, కుళ్లకుండా, నీటి కింద పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి పీట్ మట్టి అది. పచ్చికల నడుమ ఉండే చిత్తడి గిన్నెలు ఇవి. ఈ కొండల ఆదివాసులైన తోడాల పవిత్రమైన పాడి గుడిసెల పైకప్పులకు గడ్డి కోసుకునేది ఇలాంటి చిత్తడుల్లోనే. వానాకాలంలో తాగిన నీటిని ఈ నేల వేసవిదాకా చుక్కచుక్కగా వదులుతుంది. పైకారా, భవాని నీళ్లు ఇక్కడే పుట్టి కావేరిని చేరతాయి.

ఆ నల్లమట్టి మరో పని కూడా చేసింది. చెట్టూ, ఉష్ణదేశపు గడ్డీ గాలిలోని కర్బనాన్ని వేర్వేరు పద్ధతుల్లో తీసుకుంటాయి. ఆ తేడా మట్టిలో చెరగని గుర్తుగా మిగులుతుంది. పర్యావరణ శాస్త్రవేత్త రామన్ సుకుమార్, ఆయన సహచరులు ఈ పీట్ పొరలను తవ్వి, ఒక్కో పొర వయసు కట్టి, 1993లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇరవై వేల ఏళ్ల వానల చరిత్ర. హిమయుగం ముదిరిన కాలంలో, సుమారు 18,000 ఏళ్ల కిందట, రుతుపవనాలు బక్కచిక్కి గడ్డి రాజ్యమేలింది. సుమారు 11,000 ఏళ్ల కిందట వానలు పుంజుకుని తేమను కోరే చెట్లూ మొక్కలూ విస్తరించాయి. కొండ ముందుకూ వెనక్కూ ఊగింది, కానీ చాలా నెమ్మదిగా, వేల ఏళ్ల నిడివిలో.

ఈ గడ్డిని బంజరుగా చూసిన కళ్లు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చాయి. కట్టెల కోసం, తోళ్ల పరిశ్రమకు కావలసిన బెరడు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్, నీలగిరి తైలం చెట్లు వాలుల నిండా లేచాయి. జలుబు చేస్తే మన ఇళ్లలో రుమాలు మీద చిలకరించుకునేది ఆ తైలాన్నే. చెట్టు నాటితే నీళ్లు వస్తాయన్నది మనకు బడిలో నేర్పిన పాఠం కదా! గ్లెన్‌మోర్గాన్ దగ్గర రెండు పక్కపక్క చిన్న లోయల్లో ఊటీ పరిశోధన కేంద్రం ఆ పాఠాన్ని పరీక్షించింది. ఒకదాన్ని గడ్డిగా వదిలి, రెండో దానిలో సగానికి పైగా ఈ తైలం చెట్లు నాటారు. మొదటి పదేళ్లలో చెట్లున్న లోయ నుంచి పారే నీరు దాదాపు 16 శాతం తగ్గింది. నరికిన మోళ్లు చిగిర్చిన రెండో విడతలో దాదాపు 25 శాతం. వేగంగా పెరిగే చెట్టు, గడ్డి అందుకోలేని లోతుల్లోంచి తాగేసింది.

అంత మాత్రాన చెట్టు శత్రువు కాదు. బొంబాయి ఐఐటీ పరిశోధకులు 2018లో లెక్కగట్టినదాని ప్రకారం, నైరుతి రుతుపవన కాలంలో తమిళనాడుపై కురిసే వాన తేమలో 25 నుంచి 40 శాతం వరకు పశ్చిమ కనుమల పచ్చదనం విడిచిన ఆవిరిదే. షోలా తాగిన నీరు మరో ఊరి మీద మబ్బవుతుంది. ఎక్కడి చెట్టు, ఏ చెట్టు అన్నదే ప్రశ్న. నాకైతే ఈ కొండల్లో గడ్డిపోచను చెట్టుతో సమానంగా గౌరవించడం తప్ప మరో దారి కనబడదు.

వాతావరణం ఇప్పుడు వేల ఏళ్లు ఆగడం లేదు. 2019 ఆగస్టులో నీలగిరిలోని అవలాంచిలో ఒక్క రోజులోనే 90 సెంటీమీటర్లకు పైగా వాన కుమ్మరించింది. మనిషి కూడా ఆగడం లేదు. దక్షిణాన పళని కొండల్లో నలభై ఏళ్లలో మూడింట రెండొంతుల పచ్చిక తోటల కింద, సేద్యం కింద మాయమైందని ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. పన్నెండేళ్లకోసారి వాలులను నీలి ఊదాలో ముంచెత్తే కురింజి 2006లో, 2018లో పూసింది. మళ్లీ 2030లో పూయాలి, గడ్డి మిగిలిన వాలుల మీద.

ఆ వాలులను తిరిగి తెచ్చుకోవడం ఓపిక పరీక్షే. వాటిల్ చెట్టును కొట్టేస్తే, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయిన దాని గింజలు వెలుతురు తగలగానే వేలాదిగా మొలుస్తాయి. మొలకలను వేళ్లతో సహా పెరికి, నారుపోసిన స్థానిక గడ్డి దుబ్బులను ఒక్కొక్కటిగా నాటాలి. ఒకటి రెండేళ్లు తిరిగి చూడకపోతే అదే చోట వాటిల్ మళ్లీ లేస్తుంది.