పంపు ఆగినా ఇన్సులిన్ ఆగదు

ఖరగ్‌పూర్‌లో రాత్రంతా గూడ్సు బండ్లు వస్తూ పోతూనే ఉంటాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ చప్పుడు అలవాటే. దానికి ఎవరికీ మెలకువ రాదు. కానీ ఇంట్లో టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలుంటే తల్లి చెవి మరో చప్పుడు కోసం కాచుకుని ఉంటుంది. అది పిల్లవాడి నడుముకు ఉన్న ఇన్సులిన్ పంపు చేసే అలారం. షుగర్ పడిపోతోందని దాని అర్థం.

పంపు దానంతటదే చూసుకుంటుందని డాక్టరు చెప్పారు కదా, మరి అలారం ఎందుకు? ఈ పరికరం కొత్తగా పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలిస్తే పంపుతో సర్దుకోవడం సగం పూర్తయినట్టే.

ఒక చెంచాడు చక్కెర

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ అంటే లీటరుకు ఒక గ్రాము. ఈ లెక్కన మొత్తం రక్తంలో ఉండేది 5 గ్రాములు, దాదాపు ఒక టీస్పూను. 70కి దిగితే మూడున్నర గ్రాములే. మెదడు ప్రధానంగా ఈ గ్లూకోజ్ మీదే నడుస్తుంది. అందుకే 70 కంటే తగ్గితే దాన్ని హైపోగ్లైసీమియాగా లెక్కిస్తారు. చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, ఆకలి, చిరాకు మొదలవుతాయి. 54 కంటే తగ్గితే ప్రమాదం పెరుగుతుంది. మాట తడబడవచ్చు, స్పృహ తప్పవచ్చు, మూర్ఛ రావచ్చు.

ఆరోగ్యవంతుల్లో క్లోమం ఈ చిన్న నిల్వను అనుక్షణం కాపాడుతుంది. టైప్-1లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీర రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. ఆ పని మనిషి చేతుల మీద పడుతుంది.

డ్రైవరు కరెంటు ఆపాక

1960ల్లో తొలి ఇన్సులిన్ పంపును బ్యాగులా వీపున మోయాల్సి వచ్చింది. ఇప్పటివి జేబులో పడతాయి. చర్మం కింద ఉన్న సెన్సర్ గ్లూకోజ్‌ను కొలుస్తుంది. పంపులోని ప్రోగ్రాం ప్రతి 5 నిమిషాలకోసారి లెక్క వేసి ఇన్సులిన్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. ఇలాంటి తొలి పరికరానికి 2016లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. దీన్ని 'హైబ్రిడ్' అంటారు. ఎందుకంటే భోజనం ముందు ఎంత పిండిపదార్థం తింటున్నామో మనమే చెప్పాలి.

రైల్వే ఊరివాళ్లకు దీని పరిమితి తేలిగ్గా అర్థమవుతుంది. నిండు గూడ్సు బండికి డ్రైవరు కరెంటు ఆపేస్తే బండి అక్కడే నిలబడదు, ఊపు మీద చాలా దూరం పోతుంది. ఆపాలంటే బ్రేకు కావాలి. చర్మం కింద ఇచ్చిన వేగవంతమైన ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి పావుగంట పడుతుంది. గంట, రెండు గంటల్లో దాని ప్రభావం గరిష్ఠానికి చేరి, మూడు నుంచి అయిదు గంటలు ఉంటుంది. పంపు ఇప్పుడు ఆగినా, ఇంతకుముందు ఒంట్లోకి వెళ్లింది పనిచేస్తూనే ఉంటుంది. మామూలు పంపులో ఉండేది ఇన్సులిన్ ఒక్కటే. అది షుగర్‌ను తగ్గించగలదు, పెంచలేదు. బ్రేకు మన చేతిలోని గ్లూకోజే.

ఇంకో ఆలస్యం కూడా ఉంది. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందుకే అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగర్ కూడా చూపిస్తుంది. అంకెకూ ఒంటి లక్షణాలకూ పొంతన లేకపోతే వేలిని గుచ్చి చూడటమే సరైన పని.

ఎంత తినాలి?

ఇంజెక్షన్లు తీసుకునేవారికి పాత సూత్రం ఇది: 15 గ్రాముల గ్లూకోజ్, అంటే నీళ్లలో మూడు టీస్పూన్ల పంచదార, తర్వాత 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను నెమ్మదిగా వదులుతుంది. ఆటోమేటిక్ పంపు ఉన్నవారికి తరచుగా ఇంతకంటే తక్కువే సరిపోతుంది, ఎందుకంటే పంపు అప్పటికే ఇన్సులిన్ తగ్గించి ఉంటుంది. ఆ కొలతను డాక్టరుతో మాట్లాడి ముందే నిర్ణయించుకోవాలి.

భయంతో రెండు రసగుల్లాలు, పైన గుప్పెడు మరమరాలు తినిపిస్తే షుగర్ 250కి ఎగబాకుతుంది. దాన్ని చూసి పంపు ఇన్సులిన్ పెంచుతుంది, రెండు గంటల్లో మళ్లీ అలారం. తల్లి నిద్ర పాడుచేసేది చాలాసార్లు ఈ ఊగిసలాటే. ఆటలకు వెళ్లే ముందు కూడా అంతే: మైదానంలో దిగాక కాదు, గంట, రెండు గంటల ముందే పంపులో లక్ష్యాన్ని పెంచుకోవాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పంపు ఆపి, గ్లూకగాన్ ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. గొట్టం మడతపడితే ఒంట్లో నిల్వ ఇన్సులిన్ ఉండదు కాబట్టి కొన్ని గంటల్లోనే కీటోన్లు పెరుగుతాయి. అందుకే ఇంట్లో సిరంజి, ఇన్సులిన్ ఎప్పుడూ ఉండాలి.

ఊళ్లోనే ఒక ప్రయత్నం

పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది, సెన్సర్ల ఖర్చు ఎప్పటికీ ఉంటుంది. రైల్వే లైన్లకు అవతల, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ పరిశోధకులు ఈ సమస్యకు ఒక అంచు పట్టుకున్నారు. నొప్పి తెలియకుండా చర్మంలోకి దిగే గాజు కర్బన సూక్ష్మసూదులను, మందు ప్రవాహాన్ని నియంత్రించే సూక్ష్మపంపును తయారుచేసి 2020లో వెల్లడించారు. ఇన్సులిన్ వంటి మందులు అందించడం వాటి ఉద్దేశం. జంతువులపై పరీక్షించారు.

పరికరం ఏదైనా లక్ష్యం ఒక్కటే: రోజులో 70 శాతం సమయం, అంటే దాదాపు 17 గంటలు, షుగర్ 70 నుంచి 180 మధ్య ఉండాలి. 70 కంటే కింద గడిపేది 4 శాతం, అంటే గంట దాటకూడదు. ఆ గంటను తగ్గించడంలో పంపు సాయపడుతుంది. మిగిలిన పని తలగడ పక్కన కొలిచి పెట్టుకున్న గ్లూకోజ్ పొట్లానిది, అలారం మోగినప్పుడు అది చాలని ఆగగలిగే ఇంటివాళ్లది.