రాజీనామా మీరే టైప్ చేయండి!

‘పర్సనల్ రీజన్స్ అని రాసి సాయంత్రం ఆరింటిలోగా మెయిల్ పెట్టేయండి. లేదంటే రిలీవింగ్ లెటర్ కూడా కష్టం’ అన్నారు హెచ్ఆర్ మేడమ్, నవ్వుతూనే. మూడేళ్ల ఉద్యోగం, పన్నెండు నిమిషాల వీడియో కాల్!

ల్యాప్‌టాప్ మూసేసి తార్నాక రోడ్డు మీదకొచ్చా. ఆర్టీసీ హాస్పిటల్ దగ్గరికి రాగానే 2019 గుర్తొచ్చింది. అప్పుడు నేను ఓయూ క్యాంపస్‌లో ఇంజినీరింగ్ ఫైనలియర్. ఆర్టీసీ సమ్మె మొదలైన అక్టోబర్ 5నే, సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీలో చేరాలని ప్రభుత్వం గడువు పెట్టింది. చేరనివాళ్లు తమను తామే తీసేసుకున్నట్టట! దానికో పేరు కూడా, ‘సెల్ఫ్ డిస్మిస్’. దాదాపు 48 వేల మంది. సెప్టెంబర్ జీతాలూ ఆగాయి. హాస్టల్లో మేమేమో ఆ మాట మీద జోకులేసుకున్నాం. అసైన్‌మెంట్ ఇవ్వనివాడల్లా సెల్ఫ్ డిస్మిస్సే. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

52 రోజులకు సమ్మె ముగిసింది. నవంబర్ 29న వాళ్లు మళ్లీ డ్యూటీ ఎక్కారు. వాళ్లకు యూనియన్లున్నాయి. నాకు? టీమ్ వాట్సాప్ గ్రూప్. అందులోంచీ అప్పటికే తీసేశారు.

మీకూ ఇలాంటి కాల్ రావచ్చు. కంపెనీ తీసేస్తే నోటీసు, పరిహారం అడిగే దారి ఉంటుంది. ‘నేనే మానేస్తున్నా’ అని రాసిచ్చాక ఆ వాదన బాగా బలహీనపడుతుంది. వాళ్ల తొందరంతా అందుకే. అక్కడికక్కడే ఊ అనకండి. ‘చెప్పింది మెయిల్‌లో పంపండి’ అనండి.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు ఐదు యాభైకే మెయిల్ పెట్టేశా. కింద ‘థాంక్స్ ఫర్ ది ఆపర్చునిటీ’ అని కూడా రాశా.