అనాథ రికార్డు

సంబంధ డేటాబేసులో ఒక పట్టికలోని రికార్డు వేరొక పట్టికలోని రికార్డును సూచించుచుండగా, ఆ రెండవది అక్కడ లేనిచో మొదటి దానిని '''అనాథ రికార్డు''' అంటారు. ఇటువంటి లోపము లేని స్థితికి రిఫరెన్షియల్ ఇంటిగ్రిటీ అని పేరు. సంబంధ డేటాబేసు నమూనాను ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఈ-మెయిల్ సర్వరులో ఈ లోపము ఏర్పడినచో ఉత్తరములు దారి తప్పును.

== చిరునామాల ఉదాహరణ ==
జగిత్యాల (505327), కోరుట్ల (505326), సిరిసిల్ల (505301) పట్టణములు పూర్వము కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరినవి. పిన్‌కోడులు మారలేదు.

ఒకచోట చిరునామాల పట్టిక, జిల్లాల పట్టిక వేరువేరుగా ఉన్నవనుకొందాము. సిరిసిల్ల చిరునామాలో కొత్త జిల్లా పేరు వ్రాసి, జిల్లాల పట్టికలో దానిని చేర్చనిచో ఆ చిరునామా అనాథ అవుతుంది. రెండు పట్టికలను జతపరచి తీసిన జాబితాలో ఆ వ్యక్తి పేరే కనిపించదు. పాత పేరు "కరీంనగర్" అట్లే ఉంచినచో అది అనాథ కాదు, కాని తప్పు. కరీంనగర్ జిల్లా నేటికీ ఉన్నది కనుక యంత్రము ఈ తప్పును పట్టలేదు. మూడు పిన్‌కోడులకును మొదటి అంకెలు 505 కనుక, వాటిని బట్టి జిల్లాను నిర్ణయించుటయు వీలుకాదు.

== మెయిల్ సర్వరులో ==
పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వరును నిర్వహించుటకు వాడే పోస్ట్‌ఫిక్స్‌అడ్మిన్‌లో డొమైన్, మెయిల్‌బాక్స్, ఏలియాస్ అనే ముఖ్య పట్టికలు కలవు. సాధారణముగా ప్రతి మెయిల్‌బాక్సుకు ఏలియాస్ పట్టికలో తన చిరునామాకే దారి చూపే వరుస ఒకటి ఉంటుంది.

* '''ఏలియాస్ వరుస లేనిచో:''' డొమైనుకంతటికి ఒకే సర్వగ్రాహక చిరునామా ఉన్నప్పుడు, ఆ వ్యక్తి ఉత్తరములు దానికి పోవును. పంపినవారికి ఏ హెచ్చరికయు రాదు.
* '''మెయిల్‌బాక్స్ వరుస లేనిచో:''' సర్వరు ఉత్తరమును మొదట స్వీకరించి, పిదప తిప్పి పంపును. పంపినవారి చిరునామా దొంగదైనచో ఆ తిరుగుటపా సంబంధము లేనివారికి చేరును.

== సరిదిద్దు విధానము ==
# ముందుగా డేటాబేసు ప్రతిని భద్రపరచవలెను. పని ముగియు వరకు కొత్త ఖాతాలు చేర్చరాదు.
# లెఫ్ట్ జాయిన్ ద్వారా రెండు దిశలలోను జతలేని వరుసల జాబితా తీయవలెను. ఒక దిశలో మాత్రమే చూచినచో సగము లోపములు మిగిలిపోవును.
# మెయిల్‌బాక్సు ఉండి ఏలియాస్ లేనిచో ఆ వరుసను చేర్చవలెను.
# ఏలియాస్ ఉండి మెయిల్‌బాక్సు లేనంత మాత్రమున దానిని తొలగించరాదు. అది బయటి చిరునామాకు దారి మళ్ళించునదైనచో సక్రమమైనదే. తనకే దారి చూపుచున్నచో, డిస్కుపై ఆ ఖాతా ఉత్తరములు ఉన్నవేమో చూడవలెను. ఉన్నచో పాత ప్రతి నుండి ఖాతాను పునరుద్ధరించవలెను.
# ఈ మార్పులన్నియు ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసి, మరల లెక్కించి, సరిపోయిన పిదపనే ఖాయపరచవలెను.

== నివారణ ==
ఫారిన్ కీ నిర్వచించినచో డేటాబేసే అనాథ రికార్డులను అడ్డగించును. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ పట్టికలు ఈ నియమమును పాటించును. మైఐసామ్ పట్టికలు పట్టించుకొనవు. ఖాతాలను నేరుగా పట్టికలలో వ్రాయక, నిర్వహణ సాధనము ద్వారానే చేర్చుట, తొలగించుట మేలు.

== ఇవి కూడా చూడండి ==
* డేటాబేసు
* ఈ-మెయిల్
* పిన్‌కోడు