కోర్టుల్లో లంచం – వకీళ్ళ బాధ్యత

న్యాయం కోసం కోర్టు మెట్లెక్కిన పేదవాడు సాధారణంగా జడ్జిగారితో నేరుగా మాట్లాడడు. అతని గోడు వినిపించేది వకీలే. జడ్జిగారు ఏమన్నారో అతనికి తెలిపేదీ వకీలే. అందుకే కోర్టుల్లో లంచం పోవాలంటే ముందుగా వకీళ్ళే పూనుకోవాలని మేము నమ్ముతున్నాము.

మన శ్రీకాకుళం, విజయనగరం కోర్టులైనా, టెక్కలి, పాలకొండ, సోంపేట, బొబ్బిలి, పార్వతీపురం కోర్టులైనా, అక్కడికి వెళ్ళే మన తల్లిదండ్రులకు వాయిదా అంటే ఒక రోజు కూలి పోవడమే. డి-పట్టా భూమి తగాదా కావచ్చు, యాక్సిడెంటు నష్టపరిహారం కావచ్చు. కేసు సాగినకొద్దీ నకలు కాగితానికి ఇంత, నోటీసు అందజేయడానికి ఇంత అని మామూళ్ళు అడిగేవాళ్ళు ఎదురు కావచ్చు. వీటన్నిటికంటే ప్రమాదమైన మాట ఒకటుంది: "జడ్జిగారికి ఇవ్వాలి!"

ఈ మాట చెప్పి పుచ్చుకున్న డబ్బు జడ్జికి చేరిందో లేదో ఇచ్చినవాడికి తెలియదు. గెలిస్తే "చూశావా, ఇచ్చాం కాబట్టి అయింది" అంటారు. ఓడితే "అవతలివాళ్ళు ఎక్కువ ఇచ్చారు" అంటారు. ఆ జడ్జి పైసా ముట్టనివాడైనా, ఆయన పేరు, కోర్టు పేరు రెండూ చెడతాయి.

ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ వారి 'కన్యాశుల్కం'లో దొంగసాక్ష్యాలున్నాయి, కోర్టు తగవులున్నాయి, డబ్బు గుంజే పోలీసులున్నారు. అదే నాటకంలో అబద్ధపు ఖూనీ కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లు పక్షాన నిలబడిన సౌజన్యారావు పంతులు కూడా వకీలే. అంటే తప్పుడు వ్యవహారాల నడుమ కూడా నిజాయితీపరుడైన వకీలు ఉండగలడని మన ప్రాంతపు నాటకమే ఏనాడో చూపించింది.

జడ్జి తప్పు చేస్తే అడిగేవాళ్ళు లేరనుకోవడం పొరపాటు. అవినీతి నిరోధక చట్టం జడ్జీలకూ వర్తిస్తుందని వీరాస్వామి కేసులో 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల మీద కేసు పెట్టాలంటే ముందుగా భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని చెప్పింది. కింది కోర్టుల జడ్జీలు రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టు అదుపులో ఉంటారు. 2012లో మన ఉమ్మడి రాష్ట్రంలో, గాలి జనార్దనరెడ్డికి బెయిలు ఇచ్చినందుకు డబ్బు చేతులు మారిందన్న ఆరోపణపై హైదరాబాదు సిబిఐ కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. తర్వాత ఏసీబీ ఆయనను అరెస్టు చేసింది. అదే కేసులో ఒక విశ్రాంత జడ్జి కూడా అరెస్టయ్యారు. ఇలాంటి బేరాలకు మధ్యవర్తులే ఆధారమని ఆ కేసులోని ఆరోపణలు చూస్తే అర్థమవుతుంది.

మరి వకీలే మధ్యవర్తి అయితే? రాజస్థాన్‌లో ఒక వకీలు తన క్లయింటుకు ఉత్తరం రాశాడు. జడ్జి లంచం తీసుకుంటాడనీ, పదివేలు పంపితే పని అవుతుందనీ దాని సారాంశం. రాష్ట్ర బార్ కౌన్సిల్ అతన్ని రెండేళ్ళు సస్పెండ్ చేసింది. భారత బార్ కౌన్సిల్ మొదట శాశ్వతంగా తొలగించి, తర్వాత పునఃసమీక్షలో మందలింపుతో సరిపెట్టింది. 2001లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. శాశ్వత తొలగింపునే ఖాయం చేసింది. వయసు, సుదీర్ఘమైన అనుభవం అతన్ని కాపాడలేదు.

బార్ అసోసియేషన్లకూ బాధ్యత ఉంది. 1995లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాజీనామా కోరుతూ అక్కడి వకీళ్ళ సంఘాలు కదిలాయి. ఆయన రాజీనామా చేశారు. కానీ ఆ సందర్భంలో సుప్రీంకోర్టు ఒక పద్ధతి చెప్పింది. తీర్మానాలతో జడ్జిపై ఒత్తిడి తేకూడదు. ఆధారాలు సేకరించి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, ఆరోపణ ఆయన మీదే అయితే భారత ప్రధాన న్యాయమూర్తికి అందజేయాలి. ఇందులో న్యాయం ఉంది. ఓడిపోయిన ప్రతివాడూ జడ్జిని లంచగొండి అంటే నిజాయితీగల జడ్జి నిలబడలేడు. అలాగని వకీళ్ళు తెలిసీ నోరు మూసుకుంటే లంచగొండికి అడ్డే ఉండదు.

మిత్రులారా, మన ఇళ్ళలో చెప్పవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టించే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే చాలు.

వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి ఎవరి చేతిలోనూ పైసా పెట్టనక్కరలేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు మనమే చూసి చెప్పవచ్చు.

వకీలుకు ఫీజు ఇస్తే రశీదు అడగండి. అడగడం అవమానించడం కాదు.

2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే 7 రోజుల లోపు పోలీసులకో, ఏసీబీకో తెలియజేసినవారికి రక్షణ ఉంది.

వకీలే జడ్జి పేరు చెప్పి డబ్బు అడిగితే 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

డాక్టర్ అంబేద్కర్ బొంబాయి కోర్టుల్లో వకీలుగా పనిచేశారు. మన హాస్టళ్ళలో చదివినవారిలో కూడా రేపు నల్లకోటు వేసుకునేవారు ఉంటారు. మన ఊరి కూలిమనిషి వచ్చి "జడ్జిగారికి ఎంతివ్వాలి బాబూ?" అని అడిగినప్పుడు "ఏమీ ఇవ్వక్కరలేదు, కాగితాలు తే" అని చెప్పగలిగినవాడే మన హాస్టల్‌కు పేరు తెస్తాడు.